ఏటీ నేదు, తొంగో!

తండ్రి పరాయి దేశం జైల్లో ఉన్నాడని, రైలెక్కిన మావయ్య ఇక రాడని, ఒంటిమీద ఎవరి చెయ్యి పడకూడదో... నాలుగైదేళ్ల పిల్లలకు చెప్పేదెవరు? ఎలా?

2018 నవంబరు నెలాఖరు. గుజరాత్‌లోని వెరావల్ రేవు నుంచి అరేబియా సముద్రంలోకి వేటకు వెళ్లిన కొన్ని బోట్లను పాకిస్థాన్ సముద్ర భద్రతా సంస్థ పట్టుకుంది. బోట్లు గుజరాత్ యజమానులవి. వాటిలో వల లాగే చేతులు మనవాళ్లవి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు ఇరవై మంది దాకా కరాచీలోని మలీర్ జైలు పాలయ్యారు. కబురు తెలిసిన పూట నుంచి ఎచ్చెర్ల మండలం తీరాన ఉన్న బడివానిపేట, డి.మత్స్యలేశం లాంటి ఊళ్లలో పెద్దవాళ్లకు కాలు నిలవలేదు. అధికారుల చుట్టూ తిరిగారు. అప్పుడు పాదయాత్రలో జిల్లాకొచ్చిన జగన్‌మోహన్‌రెడ్డికి గోడు చెప్పుకున్నారు. ఢిల్లీ దాకా అర్జీలు వెళ్లాయి.

అలాంటి కష్టం వచ్చిన ఇంట్లో చంటిపిల్లలూ ఉంటారు. పెద్దవాళ్లు గుమిగూడి మాట్లాడుతుంటే కాళ్లకు అడ్డం పడతారు. అమ్మ కళ్లు ఎందుకు వాచాయో తెలీదు. ఇంటికి పోలీసులు, పేపరువాళ్లు ఎందుకొస్తున్నారో తెలీదు. రాత్రి దీపం తీసేశాక అడుగుతారు, ‘ఏటైనాదమ్మా, అయ్యెప్పుడొస్తాడే?’ అని. తీరం పొడవునా తల్లులు, మామ్మలు తరతరాలుగా ఇస్తూ వచ్చిన జవాబు ఒకటుంది. ‘ఏటీ నేదు, తొంగో. అయ్య వేటకెళ్లినాడు.’

ఆ మాటలో అబద్ధం కన్నా ప్రేమే ఎక్కువ. పసిగుండెకు అంత బరువెందుకని తల్లి అనుకుంటుంది. పైగా తనకే తెలియని సంగతి బిడ్డకేం చెబుతుంది? అయినా ఆ జవాబు పిల్లల్ని కాపాడదు. ఎందుకు కాపాడదో తెలియడానికి ఆ తర్వాతి కొన్ని నెలలు ఎలా గడిచాయో గుర్తు చేసుకుంటే చాలు.

2019 ఫిబ్రవరి 14న పుల్వామా దాడి. 26న బాలాకోట్‌పై వైమానిక దాడి. దేశమంతా టీవీల్లో ఒకటే పేరు, పాకిస్థాన్. తెరమీద మంటలు, యుద్ధ విమానాలు, అరుపులు. టీకొట్టు దగ్గర, బడిలో, బస్సులో అదే మాట. తండ్రి వేటకెళ్లాడని నమ్మిన పిల్లవాడికి ఈలోగా వీధిలో తోటి పిల్లలు అసలు సంగతి చెప్పేసి ఉంటారు. వాడికిప్పుడు రెండు సంగతులు తెలుసు. అయ్య పాకిస్థాన్‌లో ఉన్నాడు. పాకిస్థాన్ మీద బాంబులు పడుతున్నాయి. ఈ రెండిటినీ కలిపి ఆ బుర్ర ఏం ఊహించుకుంటుందో అడగడానికి ఇంట్లో ఎవరూ లేరు. ఎందుకంటే ఇంట్లో లెక్కప్రకారం వాడికేమీ తెలీదు.

తెలిసీ తెలియనట్టు

ఇలాంటి మౌనం పిల్లల్ని ఏం చేస్తుందో వెతికిన పరిశోధకుల్లో అమెరికా మానవశాస్త్రవేత్త మైరా బ్లూబాండ్-లాంగ్నర్‌ది ముందు చెప్పుకోవలసిన పేరు. రక్తక్యాన్సర్‌తో ఆసుపత్రిలో ఉన్న మూడు నుంచి తొమ్మిదేళ్ల పిల్లల మధ్య ఆమె నెలల తరబడి గడిపారు. 1978లో పుస్తకం వెలువరించారు. ఆ పిల్లలకు వాళ్ల జబ్బు ఎంత దూరం వచ్చిందో తల్లిదండ్రులు గానీ డాక్టర్లు గానీ చెప్పలేదు. అయినా తాము చనిపోబోతున్నామని వాళ్లకు తెలుసు. పక్కమంచం ఖాళీ కావడం చూసి, మందులు మారడం చూసి, తలుపవతల గుసగుసలు విని తెలుసుకున్నారు. గుండె పిండేసే సంగతి దాని తర్వాతది. తమకు తెలుసన్న విషయాన్ని పిల్లలు పెద్దవాళ్ల దగ్గర దాచారు. అడిగితే అమ్మ ఏడుస్తుంది, నాన్న గదిలోంచి వెళ్లిపోతాడు. అందుకని అడగడం మానేశారు. పెద్దలు పిల్లల్ని కాపాడుతున్నామనుకున్నారు. నిజానికి పిల్లలే పెద్దల్ని కాపాడుతూ వచ్చారు.

అమెరికాలోనే ఆల్బర్ట్ కెయిన్, ఐరీన్ ఫాస్ట్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు తల్లినో తండ్రినో ఆత్మహత్యలో పోగొట్టుకున్న 45 మంది పిల్లల్ని పరిశీలించారు. వాళ్లలో దాదాపు నాలుగోవంతు మంది ఆ మరణంలో ఎంతో కొంత కళ్లారా చూసినవాళ్లే. చూసినది చెప్పబోతే, నువ్వు పొరపాటు పడ్డావు, గుండెపోటుతో పోయారు, కారు ప్రమాదంలో పోయారు అని ఇంట్లోవాళ్లు మాట మార్చారు. బ్రిటిష్ మనోవైద్యుడు జాన్ బౌల్బీ 1979లో ఈ కేసుల్ని ముందు పెట్టుకుని, పిల్లల దుఃఖం కన్నా పెద్ద దెబ్బ మరొకటి ఉందని చూపించారు. తన కళ్లను తానే నమ్మలేని స్థితి అది. ఇంటి పెద్ద ఉరేసుకుంటే, పురుగుమందు తాగితే ‘కడుపునొప్పితో పోయాడు’ అని పిల్లలకు చెప్పే ఇళ్లు తెలుగునాట ఎన్ని ఉంటాయో ఈ వ్యాసం చదివేవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

అలాగని నాలుగేళ్ల పిల్లవాణ్ని కూర్చోబెట్టి అంతర్జాతీయ సముద్ర సరిహద్దు గురించి ఉపన్యాసం ఇవ్వాలని ఎవరూ అనరు. ఆ వయసుకు సరిపోయే నిజం చాలా చిన్నది. ‘అయ్య ఉన్న బోటు వేరే దేశం నీళ్లలోకి వెళ్లింది. ఆ దేశం పోలీసులు పట్టుకుని ఒక ఇంట్లో ఉంచారు. బయటికి రానివ్వట్లేదు. అక్కడ అన్నం పెడతారు. అయ్య తప్పుచేసి నిన్నొదిలి వెళ్లిపోలేదు, నీవల్లా ఇలా జరగలేదు. ఎప్పుడొస్తాడో అమ్మకింకా తెలీదు. తెలిసిన రోజు నీకు చెబుతాను.’ పట్టుమని పది వాక్యాలు లేవు. ‘నీవల్ల కాదు’ అన్న మాట పెద్దవాళ్లకు అనవసరంగా తోస్తుంది. కానీ ఆ వయసు పిల్లలు జరిగిన ప్రతిదానికీ తామే కారణమనుకుంటారు. తను అల్లరి చేశాడని, చెప్పులు విసిరేశాడని నాన్న రావట్లేదేమో అనుకునే పిల్లవాడు ఆ మాట పైకి చెప్పడు. మనమే ముందుగా చెప్పాలి.

‘తెలీదు’ అనడం కూడా అంతే ముఖ్యం. ‘రేపొస్తాడు’ అనే మాట సాయంత్రానికి పని చేస్తుంది, మర్నాటికి ఎదురు తిరుగుతుంది. మలీర్ జైల్లో ఉన్నవాళ్ల విషయంలో ఆ రేపు పదమూడు నెలలు సాగింది. 2020 జనవరి 6న ఇరవై మంది వాఘా సరిహద్దు దాటి ఇవతలికి వచ్చారు. రోజూ రేపే అని విన్న పిల్లవాడు నాలుగొందల సార్లు మోసపోయి ఉంటాడు.

జైలుకెళ్లిన తండ్రుల గురించి చంటిపిల్లలతో ఎలా మాట్లాడాలన్నది ఎచ్చెర్ల తీరానికే పరిమితమైన సంగతి కాదు. అమెరికాలో బొమ్మలతో పాఠాలు చెప్పే ‘సెసమీ స్ట్రీట్’ సంస్థ 2013లో అలెక్స్ అనే బొమ్మను తయారు చేసింది. వాడి తండ్రి జైల్లో ఉంటాడు. తోటివాళ్లు మీ నాన్నేడీ అంటే వాడు సిగ్గుతో ముడుచుకుపోతాడు. పిల్లలతో పాటు వాళ్లను పెంచే అమ్మమ్మలకు, బాబాయిలకు కూడా ఆ వీడియోలు తీశారు. మన తీరంలో అలాంటి సాయం చేసే బొమ్మ ఏదీ లేదు. వచ్చింది సినిమా. ఆ మత్స్యకారుల కథ ఆధారంగా చందూ మొండేటి తీసిన ‘తండేల్’ 2025 ఫిబ్రవరి 7న విడుదలైంది. 2018లో నాలుగేళ్లున్న పిల్లలకు అప్పటికి పదేళ్లు దాటాయి. ఇంట్లో ఎవరూ పూర్తిగా చెప్పని కథ పెద్దతెర మీద పాటలతో, ఫైట్లతో కనబడితే, అందులో ఏది జరిగింది ఏది కల్పన అని అడగాలనిపించదా? అడిగిన పిల్లలకు తండ్రులు పక్కన కూర్చుని తమ మాటల్లో చెప్పుకోగలిగితే, ఆలస్యమైనా అది మంచి అవకాశమే.

పైకెళ్లాడంటే మళ్లీ దిగడా?

జైలైతే ఎప్పటికైనా తలుపు తెరుచుకుంటుంది. చావు సంగతి అలా కాదు.

2023 అక్టోబరు 29, ఆదివారం రాత్రి. విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర ముందు వెళ్తున్న విశాఖ-పలాస పాసింజరును వెనకనుంచి విశాఖ-రాయగడ పాసింజరు గుద్దింది. ఆ రెండు బళ్లూ మన ప్రాంతం మీదుగా నడిచేవే. కూలిపనికి, చదువుకు, ఆసుపత్రికి అందరూ ఎక్కేవే. పద్నాలుగు మంది పోయారు. అంతకు ముందు ఏడాది, 2022 ఏప్రిల్ 11 రాత్రి, ఎచ్చెర్లకు దగ్గర్లోని జి.సిగడాం మండలం బాతువ వద్ద ఆగిన రైలు దిగి పట్టాల మీద నిలబడ్డ ప్రయాణికుల్ని కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఢీకొట్టింది. ఇలాంటి రాత్రుల తర్వాత ఎన్నో ఇళ్లలో ఎవరో ఒక పెద్దమనిషి పిల్లల్ని పెరటివైపు తీసుకెళ్లి ఏదో ఒకటి చెబుతాడు. దేవుడు తీసుకెళ్లాడు. నక్షత్రమైపోయాడు. పెద్ద నిద్ర పోయాడు. ఊరెళ్లాడు.

హంగేరీ మనస్తత్వ శాస్త్రవేత్త మరియా నాజ్ బుడాపెస్ట్‌లో మూడు నుంచి పదేళ్ల లోపు 378 మంది పిల్లల్ని చావంటే ఏమిటని అడిగారు. బొమ్మలు గీయమన్నారు, రాయగలిగినవాళ్లను రాయమన్నారు. 1948లో ఆ వివరాలు ప్రచురించారు. ఐదేళ్లలోపు పిల్లలకు చావంటే ప్రయాణం, లేదా నిద్ర. పోయినవాళ్లు తిరిగి రావచ్చు. పెట్టెలో పడుకున్నవాళ్లకు ఆకలేస్తుంది, మాటలు వినిపిస్తాయి. ఐదు నుంచి తొమ్మిదేళ్లవాళ్లు చావును ఎవరో ఒక మనిషిగా, వచ్చి ఎత్తుకుపోయేవాడిగా ఊహించారు. అది అందరికీ వచ్చేదని, వెనక్కి మళ్లనిదని తొమ్మిది దాటాకే స్పష్టంగా చెప్పగలిగారు. తర్వాతి పరిశోధకులు ఈ వయసుల్ని ఇంకాస్త ముందుకు జరిపినా, పసివాళ్లకు ‘మళ్లీ రాకపోవడం’ అన్నదే అన్నిటికన్నా కష్టంగా ఎక్కే సంగతన్న మాట నిలబడింది.

ఇప్పుడు మన జవాబుల్ని ఆ పిల్లల చెవులతో వినండి. నిద్రపోయాడంటే, ఆ రాత్రి నుంచి పిల్లవాడు నిద్రకు భయపడతాడు. దేవుడు తీసుకెళ్లాడంటే, దేవుడి గదిలోకి వెళ్లడానికి జంకుతాడు. ఊరెళ్లాడంటే బస్సు చప్పుడైనప్పుడల్లా వీధిలోకి పరుగెడతాడు. వేటకెళ్లాడంటే మరీ అన్యాయం. ఎందుకంటే తెల్లారితే పక్కింటి బాబాయి, మేనమామ, అన్నయ్య అందరూ వేటకే వెళ్తారు. ప్రతిరోజూ వాడికి గండమే.

1982 డిసెంబరులో ‘సెసమీ స్ట్రీట్’లో అంగడి నడిపే హూపర్ తాత పాత్ర వేసిన నటుడు విల్ లీ చనిపోయారు. పాత్రను ఇంకొకరితో వేయించవచ్చు, తాత ఊరొదిలి వెళ్లాడని కథ మార్చవచ్చు. నిర్మాతలు ఆ రెండూ చెయ్యలేదు. పిల్లల మనస్తత్వ నిపుణులతో మాట్లాడి, 1983 నవంబరు 24న చావు గురించే ఒక భాగం ప్రసారం చేశారు. అందులో బిగ్ బర్డ్ అనే పెద్ద పసుపుపచ్చ పక్షి, ఆరేళ్ల పిల్లవాడి బుద్ధి దానిది, తన స్నేహితులందరి బొమ్మలూ గీసి తెస్తుంది. ఒక్కొక్కరికీ పంచుతుంది. హూపర్ బొమ్మ చేతిలో మిగిలిపోతుంది. తాతొచ్చాక ఇస్తానంటుంది. పెద్దవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటారు. ఆయన చనిపోయాడని ముందే చెప్పాం కదా అని గుర్తు చేస్తారు. సరేలే, తిరిగొచ్చాక ఇస్తానని ఆ పక్షి మళ్లీ అంటుంది. అప్పుడు ఒకామె లేచి దగ్గరికొచ్చి, చనిపోయినవాళ్లు తిరిగి రారని చెబుతుంది. ఎందుకు రారు, మరి నాకు కథలెవరు చెబుతారు, గింజలెవరు పెడతారు అని అది కోపంగా ప్రశ్నలేస్తుంది. గింజలు నేను పెడతానంటాడు ఒకతను. ఇలా ఎందుకు జరగాలని అడిగితే మాత్రం, ఎందుకంటే అంతే అనగలిగారు.

మన ఇంటి పెద్దలకు ఇందులో పనికొచ్చేవి చాలా ఉన్నాయి. ముందే చెప్పినా పిల్లవాడు మళ్లీ అడుగుతాడు, అది మొండితనం కాదు. అడిగిన ప్రతిసారీ అదే జవాబు, అవే మాటల్లో ఇవ్వాలి. తాత పోయాక తనకు పాలు ఎవరు కలుపుతారు, బడికి ఎవరు తీసుకెళ్తారు అని వాడు బెంగపడితే అది స్వార్థం కాదు. ఆ వయసులో దుఃఖం అలాగే బయటికొస్తుంది. ఆ ప్రశ్నకు పేరుపెట్టి జవాబు చెప్పాలి, పిన్ని తీసుకెళ్తుందనో, నేను కలుపుతాననో. ఇంకో మాట. పెద్దకర్మ నాటికి పిల్లలు బొమ్మను పాడెమీద పెట్టి ఊరేగింపు ఆట ఆడుతుంటే అపశకునమని కసరకండి. తిత్లీ తుపాను 2018 అక్టోబరు 11న ఇదే తీరాన్ని చీల్చుకుంటూ పోయింది. అలాంటి గాలి చూసిన పిల్లలూ ఇలాగే ఇసుకలో ఇళ్లు కట్టి కూల్చే ఆట ఆడతారు. నోటితో చెప్పలేనిది చేతులతో చెబుతున్నారు, అంతే.

దేవుణ్ని నమ్మే ఇంట్లో దేవుడి మాట చెప్పకూడదా? చెప్పొచ్చు. ముందు ఒంటి సంగతి చెప్పాలి. తాత గుండె ఆగిపోయింది, ఊపిరి ఆడదు, ఆకలెయ్యదు, నొప్పి పుట్టదు, తిరిగి రాడు. ఆ తర్వాత, తాత దేవుడి దగ్గరున్నాడని అమ్మ నమ్ముతుందని చెబితే పిల్లవాడికి రెండూ అందుతాయి.

‘ఎవరికీ చెప్పకు’ అన్న మాట

పిల్లలతో మాట్లాడ్డానికి ఇల్లు నోరు పెగల్చుకోలేని మూడో సంగతి ఇంకా దగ్గరిది. కేంద్ర స్త్రీ, శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో చేయించిన అధ్యయనం 2007లో వచ్చింది. వాళ్లలో సగానికి పైగా, 53.22 శాతం, ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదుర్కొన్నామన్నారు. ఎక్కువ శాతం నమోదైన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆడపిల్లలతో పాటు మగపిల్లలూ బాధితులే. చేసినవాళ్లలో చాలామంది పిల్లలు నమ్మినవాళ్లు, తెలిసినవాళ్లు. జాతీయ నేర గణాంకాలు కూడా ఏటా అదే చెబుతున్నాయి. పిల్లలపై లైంగిక నేరాల నిరోధక చట్టం (పోక్సో) కింద కేసుల్లో నిందితుల్లో నూటికి తొంభై మందికి పైగా పిల్లలకు ముందే పరిచయమున్నవాళ్లు.

కాబట్టి ‘కొత్తవాళ్లతో మాట్లాడకు’ అన్న పాతజాగ్రత్త ఒక్కటే సరిపోదు. తండ్రి వెరావల్‌లోనో చెన్నైలోనో ఉండి, తల్లి తెల్లారకముందే చేపలగంప ఎత్తుకుని సంతకెళ్లే ఇంట్లో పిల్లలు రోజులో ఎక్కువసేపు ఎవరో ఒకరి కనిపెట్టులో ఉంటారు. ఆ ఎవరో ఒకరిలో చాలామంది మంచివాళ్లే. మిగిలినవాళ్ల కోసమే ఈ మాటలు. ఒంట్లో ప్రతి భాగానికీ పేరుంటుంది, ఆ పేరు పలకడం తప్పుకాదు. చెడ్డీ కప్పే చోట్లు నీవి. నీళ్లు పోసేటప్పుడు అమ్మ, ఒంట్లో బాగోకపోతే అమ్మ పక్కనుండగా డాక్టరమ్మ ముట్టుకోవచ్చు. ఇంకెవరైనా ముట్టుకుంటే, వాళ్లవి ముట్టుకోమంటే, ఎవరైనా సరే గట్టిగా అరిచి వచ్చెయ్. ఎవరికీ చెప్పకు అన్న మాటనే అందరికన్నా ముందు నాకు చెప్పు. చెబితే నేను కొట్టను.

ఆ ఆఖరి వాక్యమే అన్నిటికన్నా కష్టం. చెప్పిన పిల్లను నోర్ముయ్యమన్న ఇళ్లు, మావయ్య అలాంటోడు కాదన్న ఇళ్లు ఉన్నాయి. ఇంకొంచెం వెనక్కి వెళ్తే, ఇష్టంలేకపోయినా ‘తాతకు ముద్దుపెట్టు, పెట్టకపోతే తాతకు కోపమొస్తుంది’ అని పిల్లను ముందుకు తోసేది మనమే. వద్దన్న మాట ఇంట్లో చెల్లని పిల్ల బయట ఎలా అనగలదు? చైల్డ్‌లైన్ సంస్థ తీసిన ‘కోమల్’ అనే చిన్న బొమ్మల సినిమా ఇదే చూపిస్తుంది. అందులో పాపను ఇబ్బంది పెట్టేది నాన్న స్నేహితుడు, ఇంట్లో అందరికీ ఇష్టమైనవాడు. ఫోన్లో దొరుకుతుంది. పిల్లతో కలిసి కూర్చుని చూడదగ్గది.

ఒంటి భాగాల పేర్లు తెలియడం వల్ల ఇంకో లాభముంది. 2012 నవంబరు 14న అమల్లోకి వచ్చిన పోక్సో చట్టం ప్రకారం పిల్ల మాటను పిల్ల చెప్పినట్టే రాసుకోవాలి, తల్లిదండ్రుల సమక్షంలో గానీ పిల్ల నమ్మే మరొకరి సమక్షంలో గానీ. వీలైనంతవరకు ఎస్సై హోదాకు తగ్గని మహిళా అధికారి, యూనిఫాం లేకుండా, ఇంటికో పిల్ల కోరిన చోటికో రావాలి. రాత్రిపూట పిల్లను స్టేషన్‌లో ఉంచకూడదు. సాక్ష్యానికి ఇంత వయసుండాలన్న నియమం మన చట్టంలో లేదు. ప్రశ్న అర్థమై, తెలివిడిగా జవాబివ్వగలిగితే చాలు. ‘అక్కడ’ అని మాత్రమే అనగలిగే పిల్లకూ, ఎక్కడో చెప్పగలిగే పిల్లకూ ఆ గదిలో చాలా తేడా ఉంటుంది. పిల్లల సహాయవాణి 1098కు పగలు రాత్రి ఎప్పుడైనా ఫోన్ చెయ్యొచ్చు. పెద్దవాళ్లకే మనసు చెదిరితే మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416లో తెలుగులో మాట్లాడతారు.

బయల్దేరేముందు

శ్రీకాకుళం జిల్లాకు రాష్ట్రంలోనే పొడవైన తీరం ఉంది, 193 కిలోమీటర్లు. పెద్ద బోట్లు నిలిచే రేవు లేక ఈ జిల్లా మగవాళ్లు వేల కిలోమీటర్ల అవతల పరాయి బోట్లెక్కుతున్నారు. ఎచ్చెర్ల మండలంలోనే బుడగట్లపాలెం దగ్గర ఫిషింగ్ హార్బర్‌కు 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన చేశారు. అది పూర్తై, ఊళ్లోనే పని దొరికేదాకా వెరావల్ రైలు ఆగదు, పట్టుబడడాలూ ఆగవు. 2025 అక్టోబరులో విజయనగరం జిల్లా మత్స్యకారులు కొందరు బంగ్లాదేశ్ నౌకాదళానికి చిక్కారు. మళ్లీ అవే ఇళ్లు, అవే ప్రశ్నలు.

వెళ్లేవాళ్లు గుజరాత్ తీరంలో వానాకాలపు వేటనిషేధం ముగిశాక, ఆగస్టు ప్రాంతంలో బయల్దేరతారు. ఒక్కో వేట రెండు మూడు వారాలు. తీరం దాటి లోపలికెళ్తే ఫోన్ పలకదు. పిల్లలతో మాట్లాడ్డానికి అంతకన్నా మంచి సమయం లేదు, ఎందుకంటే కష్టం ఇంకా రాలేదు, చెప్పవలసినవాడు ఇంట్లోనే ఉన్నాడు. గోడమీది క్యాలెండరు చాలు. రైలెక్కే రోజు, దీపావళి, సంక్రాంతి, తిరిగొచ్చే నెల చుట్టూ పెన్నుతో సున్నాలు చుట్టించొచ్చు. బోటు ఫొటో, బోటు నడిపించే పెద్ద అయిన తండేలు పేరు, యజమాని ఫోన్ నంబరు తల్లి దగ్గర ఉంటాయని పిల్లవాడికి తెలియాలి. సముద్రంలో గీత కనబడదని, ఒక్కోసారి పొరపాటున అవతలికి వెళ్లిపోతారని, అలా వెళ్తే పట్టుకుంటారని, అప్పుడు ఇంటికి తేవడానికి పెద్దవాళ్లు ప్రయత్నిస్తారని ఐదేళ్లవాడికి అర్థమయ్యేలా చెప్పొచ్చు.

అనుకోనిది జరిగితే ఆ క్యాలెండరులో ఇంకో రెండు తేదీలు ఉంటాయి. 2008లో కుదిరిన ఒప్పందం ప్రకారం భారత్, పాకిస్థాన్ ఏటా జనవరి 1న, జూలై 1న తమ జైళ్లలో ఉన్న అవతలి దేశం పౌరుల, మత్స్యకారుల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. ‘రేపొస్తాడు’ అనే బదులు తల్లి ఆ తేదీ మీద వేలుపెట్టి చూపించవచ్చు. ‘ఈ రోజున ఆళ్లు పేర్లన్నీ రాసి మనోళ్లకిస్తారు. అందులో అయ్య పేరుందో లేదో అడిగి నీకు చెబుతాను. ఈలోగా నీకేటి అడగాలనిపించినా అడుగు.’